సీమజాడీలో మిరపకాయ

రోమా సామ్రాజ్యానికీ నాకూ ఉన్న సంబంధం ఒక్క ఊరగాయ జాడీ. ఆ జాడీని పగలగొట్టింది నేనే. ఈ రెండో సంగతి మూడేళ్ళపాటు నాకూ ఒక బల్లికీ తప్ప మూడో ప్రాణికి తెలియదు.

నా పేరు గిరిజ. పుట్టిల్లు నాయుడుపేట. ఇరవై నాలుగేళ్ళ కింద పెళ్ళయి పుదుచ్చేరి వచ్చాను. ముత్తియాల్‌పేటలో మాకు కిరాణా కొట్టు ఉంది. ముందు కొట్టు, వెనక ఇల్లు, పైన ఒక అద్దె గది. మా ఆయన ఆదికేశవులు పుట్టి పెరిగింది ఇక్కడే. ఇంట్లో తెలుగు మాట్లాడతాడు గానీ మన అక్షరాలు చూపిస్తే ముగ్గు చూసినట్టు చూస్తాడు. మా అత్త చిన్నమ్మాళ్ కూడా అంతే. తెలుగు చదవడం, రాయడం వచ్చినదాన్ని ఇంట్లో నేనొక్కదాన్నే. నాకేమో తమిళం గలగలా మాట్లాడడం వచ్చు, ఒక్క ముక్క రాయడం రాదు. దీనివల్ల ఎంత పని జరిగిందో మీరే చూస్తారు.

ముందు జాడీ సంగతి చెప్పాలి. సీమజాడీ అనేవాళ్ళు దాన్ని. మనిషి నడుమెత్తు ఉండేది. పొడుగు మెడ, రెండు చెవులు. అడుగు మాత్రం కుదురుగా కూర్చోకుండా మొన తేలి ఉండేది. అందుకని ఇనుప ముక్కాలిపీటలో నిలబెట్టేవాళ్ళు. మా అత్తకు అత్తగారి కాలంలో, తేంగాయితిట్టు నుంచి చేపలవాడొకడు వలలో పడిందని దాన్ని మోసుకొచ్చి, వీశె చింతపండు తీసుకుని ఇచ్చి పోయాడట. ఏ దొర ఓడలోంచి జారిపడిందో అనుకున్నారే గానీ ఎవరూ ఆరా తియ్యలేదు. చేతికో పెద్ద జాడీ దొరికితే తెలుగువాళ్ళం ఏం చేస్తాం? ఆవకాయ పెట్టాం. మూడు తరాలు పెట్టాం.

ఆ జాడీ మీద మా అత్తకున్న నమ్మకం దేవుడి మీద కూడా లేదు. ముక్కలు కొట్టేది నేను. కారం, ఆవపిండి దంచేది నేను. నూనె పోసి మోచేతి దాకా కలిపేది నేను. మూడోనాడు మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని ఆమె అనే మాట ఒకటే. "ఏం జాడీ! ఏం జాడీ!" ఇరుగుపొరుగు నన్ను మెచ్చుకోబోయినా అడ్డుపడేది. "దాని చేతిలో ఏముండాది? అంతా జాడీ మహిమ" అనేది. ఇరవై ఏళ్ళు విన్నాను. విని విని ఒక్కోసారి ఆ జాడీని చూస్తే సవతిని చూసినట్టుండేది.

అయినా కావాలని పగలగొట్టలేదు. అత్త మీద కోపం దుత్త మీద చూపిందని మీరు అనుకుంటారని ముందే చెబుతున్నాను. మూడేళ్ళ కింద ఎండాకాలంలో, జాడీ కడిగి ఆరబెట్టి పైకెత్తుతుంటే దూలం మీంచి బల్లి నా భుజం మీద పడింది. ఆడవాళ్ళకు కుడి భుజం మీద బల్లి పడితే ఏ ఫలమో పంచాంగంలో చూసుకునే లోపే, ఫలం నేలమీద ఆరు ముక్కలై పడి ఉంది. అత్త గుడికి పోయి ఉండబట్టి బతికాను.

ఊరగాయ జాడీ పగిలితే ముక్కలు చెత్తబండిలో వెయ్యకూడదని మా ఇంటి ఆచారం. పారే నీళ్ళలో కలపాలి. లేకపోతే ఆ ఇంట్లో ఏడేళ్ళు ఊరగాయ బూజు పడుతుందట. అబద్ధమాడడానికి వెనకాడలేదు గానీ బూజుకు భయపడ్డాను. ముక్కలన్నీ గోనెసంచిలో కట్టి, ఆటో మాట్లాడుకుని, ఊరికి దక్షిణంగా అరియాంకుప్పం ఏటి గట్టున దిగాను. అక్కడ మామిడితోపు ఉంది, జనం ఉండరు. సంచిని నీళ్ళలో వేసి దణ్ణం పెట్టుకుని వచ్చేశాను. ఆ చోటునే అరిక్కమేడు అంటారని తెలుసు. అరిక్కమేడు అంటే ఏమిటో తెలియదు.

వచ్చేటప్పుడు పెద్ద మార్కెట్‌లో ఒక పింగాణీ జాడీ కొన్నాను. దానికి గోనె చుట్టి, ముక్కాలిపీట మీద కూర్చోబెట్టి, వెనక గదిలో మూలకు నెట్టాను. మా అత్తకు మోకాళ్ళ నొప్పులు, కంట్లో పొర. గుమ్మం దగ్గర నిలబడి చూస్తే ఏదో బొద్దు ఆకారం కనిపిస్తుంది, అంతే.

"జాడీ ఎట్టుండాదే?"

"బాగుంది అత్తా."

ఆ ఏడాది కొత్తావకాయ ముద్ద ఆమె నోట్లో పెట్టుకుంటుంటే గుమ్మం పట్టుకుని చూశాను. కళ్ళు మూసుకుంది. నమిలింది. "ఏం జాడీ!" అంది.

నవ్వాలి కదా నేను? వంటింట్లోకి పోయి ఏడ్చాను. నా తప్పు బయటపడలేదు, సరే. నా చెయ్యి కూడా బయటపడలేదు. చెబితే ఇంటి జాడీ పగలగొట్టినదాన్ని అవుతాను. చెప్పకపోతే ఎప్పటికీ ఏమీ కాను. మూడేళ్ళు నోరు మూసుకున్నాను. నోట్లో నువ్వుగింజ నానని నాకు అది ఎంత కష్టమో ఆ భగవంతుడికే తెలుసు.

ఇక రెండేళ్ళుగా మా పై గదిలో అద్దెకుండే ఇళవరసన్ సంగతి. విళుప్పురం దగ్గరి పల్లెటూరి పిల్లవాడు. యూనివర్సిటీలో అరిక్కమేడు మీద పరిశోధన చేస్తున్నాడు. ఆదివారం మా ఇంట్లోనే భోజనం. నన్ను అక్కా అంటాడు, మా అత్తను అవ్వా అన్నట్టు పాట్టి అంటాడు. నాకు తమ్ముళ్ళు లేరు, అందుకని వాడికి నెయ్యి కాస్త ఎక్కువే పడుతుంది. వాడితో మేం మాట్లాడేది తమిళమే, ఇక్కడ మన మాటల్లో రాస్తున్నాను.

ఆవకాయ కలుపుకుంటూ ఒక ఆదివారం వాడన్నాడు. "అక్కా, రెండు వేల ఏళ్ళ కింద మనూరు పెద్ద రేవు. గ్రీకు నావికులు దీన్ని పొదుకే అని రాసుకున్నారు. రోమా నుంచి ఓడల్లో ద్రాక్షసారాయి జాడీలు వచ్చేవి. ఇక్కణ్ణుంచి గాజుపూసలు, నేతబట్టలు పోయేవి. అంతా ఆ అరిక్కమేట్లోనే."

"అంత దూరం నుంచి వొచ్చినోళ్ళకు అన్నంలోకి ఏం పెట్టినారంట?" అని అడిగింది అత్త.

"ఏమో పాట్టీ. ఈ ఆవకాయ మాత్రం పెట్టి ఉండరు. మిరపకాయ మనది కాదు. ఐదు వందల ఏళ్ళ కింద పోర్చుగీసువాళ్ళు సముద్రం మీద తెచ్చారు. అంతకుముందు మనకు కారమంటే మిరియాలే."

మా అత్త చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "మిరపకాయ లేకుండా బతికినారా మనోళ్ళు? పావం" అంది. ఆ పూట ఆమె పూర్వీకుల కోసం నిజంగానే బాధపడింది.

పోయిన నెల వాడు రెండేసి మెట్లు ఎగురుకుంటూ దిగొచ్చాడు. "అక్కా! ఆదివారం బీచ్ పక్క హాల్లో సదస్సు. రోమా కాలమూ అరిక్కమేడూ. నాది పెద్ద ప్రసంగం. ఏం దొరికిందో తెలిస్తే మీరు నిద్రపోరు! ఇప్పుడు చెప్పకూడదు. పాట్టిని కూడా తీసుకురండి. ముందు వరసలో కూర్చోబెడతాను."

ఆదివారం మా అత్త కంచిపట్టు కట్టింది. మా ఆయన కొట్టు మూశాడు. ఈయన కొట్టు మూయడం మా మామగారు పోయినప్పటి తర్వాత అదే. హాల్లో నూరు మంది దాకా ఉన్నారు. ముందు వరసలో ఈ చివర మేము ముగ్గురం. ఆ చివర ప్రొఫెసర్ అనంతరామన్ అని, అధ్యక్షుడు. ఆయన సంతకం పెడితేనే మా ఇళవరసన్‌కు డాక్టరేటు. పత్రికలవాళ్ళు కూడా ఇద్దరు వచ్చారు.

వాడు మొదలుపెట్టాడు. తెర మీద పటం, ఓడలు, ఈశాన్యం గాలి, నైరుతి గాలి. టిబేరియస్ చక్రవర్తి కాలం అన్నాడు. మా ఊళ్ళో తయారైన పూసలు ఎన్ని సముద్రాలు దాటాయో బాణం గుర్తులు వేసి చూపించాడు. ప్రతి బాణానికీ మా అత్త నా తొడ మీద కొడుతూ "మన ఊరే! మన ఊరే!" అంది. నాకూ ఒళ్ళు పులకరించింది. ఇన్నాళ్ళూ చింతపండు కొలుచుకుంటూ ఎంత గొప్ప రేవులో కాపురం చేస్తున్నానో అనిపించింది.

"పోయిన వానాకాలం తర్వాత, అనుమతితో ఏటి గట్టు పరిశీలిస్తుండగా దొరికింది ఇది" అని వాడు బొమ్మ మార్చాడు.

తెర నిండా ఒక జాడీ మెడ, దానికొక చెవి. చెవి మీద చేపముల్లులాంటి ముద్ర.

ఆ ముద్ర సందుల్లో జిడ్డు పోవడానికి ఇరవై ఏళ్ళు చింతపండు పెట్టి తోమినదాన్ని నేను. పక్కన అత్తను చూశాను. కంట్లో పొర పుణ్యమా అని ఆమె చిరునవ్వుతో తల ఊపుతోంది.

"ఈ ముద్ర కుమ్మరిది. మట్టి గ్రీసు దేశపు కోస్ దీవిది. పరీక్షల్లో తేలింది. నూటికి నూరుపాళ్ళు రోమా కాలపు జాడీ" అన్నాడు వాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, చేతులు వాటంతట అవే కొట్టాయి. ఎవరో దొర వంటింటి జాడీ అనుకున్నది రెండు వేల ఏళ్ళనాటిదట! సముద్రంలో మునిగినా, వలలో పడినా, మా ఇంట్లో మూడు తరాలు దొర్లినా చెక్కుచెదరనిది నా చేతిలో పోయింది!

వాడు ఇంకా ఆగలేదు. "అసలు వింత జాడీ లోపల ఉంది. మట్టిలో ఇంకిన పదార్థాల ఫలితాలు మరో రెండు నిమిషాల్లో చెబుతాను. ప్రపంచ చరిత్ర మారిపోతుంది!"

అప్పుడు తెలిసింది నాకు, ఆ వింత ఏమిటో. నువ్వులనూనె, ఆవాలు, ఉప్పు. ఇంకా మా కొట్లో మూడో బస్తాలోది ఒకటి.

మా ఆయన జేబులోంచి పెన్ను లాక్కుని ఆహ్వానపత్రం వెనక గబగబా రాశాను. 'తంబీ, ఆ జాడీ మాది. కారం మా కొట్టుది. ఇక నోరు విప్పొద్దు. అక్క.' మడిచి మా ఆయనకిచ్చి అటు పంపమన్నాను. ఆయన విప్పి చూసి "ఏం రాసినావే?" అన్నాడు. ముందు పంపండి అని కసిరాను. చీటీ వరసంతా నడిచింది. ఒకాయన దాన్ని తిరగేసి చూశాడు. ఒకమ్మాయి ఫొటో తీసుకుంది. అనంతరామన్ కళ్ళద్దాలు ఎత్తి శాసనం చదివినట్టు చూసి, ఏమీ తేలక, లేచి ఇళవరసన్ చేతికిచ్చాడు. వాడు చీటీని చూశాడు, నన్ను చూశాడు, కళ్ళకద్దుకుని జేబులో పెట్టుకున్నాడు. "మా ఇంటి అక్క తెలుగులో ఆశీర్వాదం పంపించారు" అని మైకులో చెప్పాడు. హాలంతా మళ్ళీ చప్పట్లు.

తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. రాసిన చెయ్యి తెలుగు, చదవవలసిన కళ్ళు తమిళం అయిపోయాయి.

"మిరపకాయ!" అని అరిచాడు వాడు. తెర మీద ఎర్రగా నిలువెత్తు మిరపకాయ పడింది. "ఈ జాడీలో మిరప కారం ఉంది! పోర్చుగీసువాళ్ళ కంటే పదిహేను వందల ఏళ్ళ ముందే మన పుదుచ్చేరిలో మిరపకాయ ఉంది!"

హాలు హోరెత్తింది. పత్రికలవాళ్ళు లేచి నిలబడ్డారు. మా అత్త అందరికంటే ముందు లేచి, "చెప్పలా? మనోళ్ళు తినకుండా ఎట్టా బతుకుతారు!" అని రెండు చేతులూ పైకెత్తింది. ఆమె పూర్వీకుల నోటికి మళ్ళీ కారం వచ్చింది.

నాకొక పాడుబుద్ధి పుట్టింది. పోనీలే, మిరపకాయ మనదైతే ఎవరికి నష్టం? వాడికి పేరు వస్తుంది, నా గుట్టు నాకు మిగులుతుంది. అట్లా అనుకుంటూ ఉండగానే అనంతరామన్ నవ్వకుండా మైకు తీసుకున్నాడు.

"తంబీ, ఈ జాడీలో ఈ కాలం సరుకు ఏదైనా కలిసి ఉండొచ్చు కదా?"

"కలిసే అవకాశమే లేదు సార్. జాడీతో పాటు గోనె నారలు కూడా దొరికాయి. రోమావాళ్ళు జాడీలను గోనెలో కట్టి దించేవారని నా తర్వాతి బొమ్మ. ఇందులో ఒక్కటి తప్పయినా నా పరిశోధన వదిలేసి ఊరికి పోయి మేకలు కాస్తాను!"

ఆ గోనె కూడా మాదే. పచ్చిపసుపు వచ్చిన సంచి అది. వాడు ఒట్టు మీద ఒట్టు పెడుతున్నాడు, అనంతరామన్ ముఖం బిగుసుకుంటోంది. రేపు ఎవరో ఒకరు ఆ ముక్కను మళ్ళీ పరీక్షిస్తారు. అప్పుడు దేశమంతా వీణ్ణి చూసి నవ్వుతుంది. వీడేమో మాట మీద నిలబడే వెర్రిబాగులవాడు, నిజంగానే మేకల దగ్గరికి పోతాడు. నా ఒక్క అబద్ధానికి వాడి ఐదేళ్ళ చదువు పోతుంది.

లేచి నిలబడ్డాను.

"అయ్యా, ఆ కారం మాది!"

మైకు అక్కర్లేకపోయింది. కొట్లో బేరాలకు అలవాటు పడిన గొంతు నాది.

"జాడీ మా ఇంటిది. మా అత్త అత్తగారి కాలం నుంచి అందులో ఆవకాయ పెడుతున్నాం. మూడేళ్ళ కింద నా చేతిలో పగిలింది, దాని చోట పింగాణీది కొని పెట్టాను. పారే నీళ్ళలో వెయ్యాలని ఆచారం, ఏట్లో వేశాను. ఆ గోనె కూడా రోమావాళ్ళది కాదు, పసుపు బస్తాది. నమ్మకపోతే చెప్తాను వినండి, ఆ రెండో చెవి మీద కూడా ఇదే ముద్ర ఉంటుంది, కాకపోతే తలకిందులుగా ఉంటుంది. అది మీకింకా దొరకలేదు."

మా ఆయన నోరు తెరిచి ఉన్నాడు. ఇళవరసన్ జేబులోంచి చీటీ తీసి, దాన్ని చూసి, నన్ను చూసి, "అక్కా, ఇది ఆశీర్వాదం కాదా?" అన్నాడు.

మొదట నవ్వింది అనంతరామనే. నవ్వి నవ్వి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఆ తర్వాత హాలు ఆగలేదు. నవ్వులు కాస్త తగ్గాక ఆయన ఇళవరసన్ భుజం తట్టాడు. "మేకలు తర్వాత చూద్దాంలే. జాడీ రోమాదే, మట్టి అబద్ధం చెప్పదు. మిరపకాయ పేజీలు చించెయ్. వాటి బదులు ఈమె చెప్పింది రాయి. ఇప్పటిదాకా మనకు దొరికిందంతా పగిలి మట్టిలో పడిన పెంకులే. మొన్నమొన్నటి దాకా ఒక ఇంట్లో పనిచేసిన రోమా జాడీని నా సర్వీసులో చూడలేదు." నా వైపు తిరిగాడు. "అమ్మా, రెండు వేల ఏళ్ళు నిలిచిన దాన్ని ఎట్లా పగలగొట్టారు?"

"బల్లి పడింది సార్."

మళ్ళీ హాలు పగలబడింది. ఇళవరసన్ కూడా నవ్వుతున్నాడు, కళ్ళలో నీళ్ళు పెట్టుకుని మరీ. వాడు బతికాడు. నా సంగతే ఇంకా తేలలేదు. పక్కకు చూడడానికి నాకు ధైర్యం చాలలేదు.

అనంతరామన్ మైకు తెచ్చి మా అత్త చేతిలో పెట్టాడు. ఈ జాడీ మీ ఇంటికి ఎట్లా వచ్చిందో మీరే చెప్పాలి పెద్దమ్మా అన్నాడు. అత్త ఆ మాట విననే లేదు. మైకు పట్టుకుని నా వైపు తిరిగింది. తమిళంలో, నూరు మందీ వినేటట్టు నన్ను దులిపేసింది. ఇంటి పెద్ద జాడీని పగలగొట్టావు. మూడేళ్ళు నా కళ్ళు కప్పావు. ముసలిదాన్ని పిచ్చిదాన్ని చేసి ఆడించావు. నీకు కొట్టు తాళాలు ఇచ్చినందుకు నన్ను అనాలి. నేను తలవంచుకుని నిలబడ్డాను. అందులో ఒక్క మాట కూడా అబద్ధం కాదు.

అంతలో ఆగిపోయింది. వేళ్ళు మడిచి ఏదో లెక్క వేసుకుంది. తర్వాత మన భాషలోకి మారింది. చేతిలో మైకు ఉందన్న సంగతే మరిచిపోయింది.

"పోయినేడుదీ పింగాణీదేనా?"

"అవునత్తా."

"ఆ ముందేటిదీ?"

"అదీ."

"తిన్నప్పుడల్లా జాడీని మెచ్చుకుంటిని కదే."

అత్త ఒక అడుగు నా వైపు వేసింది.

"నువ్వు ఎదురుగానే ఉండావు. వింటానే ఉండావు. నీ చెయ్యే కదే అది. మొదటినుంచీ నీ చెయ్యే. రాయే, ఇట్రా."

ఆ మాటలు స్పీకర్లలోంచి హాలంతా పరుచుకున్నాయి. అక్కడున్న నూరు మందిలో మేము ముగ్గురం తప్ప అర్థమైనవాళ్ళు లేరు. మా ఆయన కండువాతో ముక్కు చీదుకుంటున్నాడు. అత్త నా కుడిచెయ్యి పట్టుకుని వదలడం లేదు.

ఇళవరసన్ భయంభయంగా నా దగ్గరికి వచ్చాడు. "పాట్టి ఇంకా కోపంగా ఉన్నారా? ఏమంటున్నారు అక్కా?"

"తిడుతోంది తంబీ" అన్నాను. నవ్వో ఏడుపో తెలియక ఎడమచేత్తో కళ్ళు తుడుచుకున్నాను. "ఇంకాసేపు తిట్టనీ."